కంట్లో పసరు

“పొన్నగంటి రసం, పసుపు, తేనె కలిపి రోజూ రెండు చుక్కలు. శుక్లాలు కరిగి జారిపోతాయి. ఆపరేషన్ అక్కర్లేదు. సైన్సే ఒప్పుకుంది.” మొన్న మా బంధువుల గ్రూపులో వచ్చిన మెసేజ్ ఇది. పంపిన బావగారు మాత్రం రెండు కళ్లకూ ఆపరేషన్ చేయించుకుని, లెన్సులు వేయించుకున్నారు.

సైన్సు ఒప్పుకున్నది వేరు. పసుపులోని కుర్‌క్యుమిన్ ల్యాబులో పెంచిన కణాల్లో ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గిస్తుంది. వయసు మీదపడ్డాక మాక్యులా (రెటీనా నడిమి భాగం) దెబ్బతినడంలో ఆ ఇన్‌ఫ్లమేషన్‌కూ పాత్ర ఉంది. ఆకుకూరల్లోని ల్యూటిన్ చేరేదీ ఆ మాక్యులాలోనే. అమెరికాలో 2013లో ఫలితాలు వెలువడిన పెద్ద పరీక్షలో ల్యూటిన్ 10 మిల్లీగ్రాములు, జియాశాంతిన్ 2 మిల్లీగ్రాములు ఇచ్చారు. మింగడానికి ఇచ్చారు, కంట్లో పోయలేదు! విటమిన్లు, జింకుతో కలిసిన అలాంటి మాత్రలు మధ్యదశలో ఉన్న మాక్యులా జబ్బు ముదరడాన్ని కొంత నెమ్మదింపజేస్తాయి, అంతే. పోయిన చూపు తేవు, శుక్లాన్ని కరిగించవు. ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిదవుతుందా? ముద్దకట్టిన లెన్సు ప్రొటీన్లూ అంతే. పైగా ఆ పరీక్షలోనే బీటా కెరోటిన్ (క్యారెట్‌కు రంగునిచ్చేదే) తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్లు ఎక్కువగా కనిపించాయి, ముఖ్యంగా ఒకప్పుడు పొగతాగినవాళ్లలో. ప్రకృతి మాత కదా, ఏమీ చెయ్యదంటారు.

2021 మేలో, కరోనాకని కృష్ణపట్నం ఆనందయ్య ఇచ్చిన నాటు మందుల్లో కొన్నింటికి ఓకే చెప్పిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా కంటి చుక్కల దగ్గర ఆగింది. దాన్నీ కుట్ర అన్నవాళ్లున్నారు.

మా పెద్దమ్మకు వచ్చింది మామూలు శుక్లమే. తీసేస్తే చూపు వచ్చేది. కానీ “కంటి మీద కత్తేమిటే, పసరుంది కదా” అన్నారు మా వాళ్లు. రోలు కడిగారో లేదో, ఆకు నూరి, చీరకొంగులో వడగట్టి, తల వెనక్కి వంచి పోశారు. మంటకు ఆమె కాళ్లు నేలకేసి కొట్టుకుంటుంటే ఇద్దరు పట్టుకున్నారు. “మందు పనిచేస్తోంది, ఓర్చుకో అక్కా” అన్నారు. కన్ను ఎర్రబడింది, చీము పట్టింది. అయినా ఆపలేదు. పసరుతో, మట్టితో పాటు ఫంగస్ లోపలికి పోతుందని, నల్లగుడ్డు పుండు పడుతుందని వాళ్లకెవరు చెప్పాలి? పట్నం తీసుకెళ్లేసరికి పువ్వు వేసింది. ఇక శుక్లం ఒక్కటే తీస్తే చాలదని, ముందు ఎవరైనా దానం చేసిన కార్నియా దొరకాలని డాక్టరు చెప్పాడు. దొరకలేదు.

తిరుగు బస్సులో మా వాళ్లు తీర్మానించింది ఒకటే: పసరు ఆలస్యంగా మొదలుపెట్టామని.