రాని తుఫాను నేర్పే పాఠం

2017 డిసెంబర్ 5. గుజరాత్ శాసనసభ తొలి విడత పోలింగ్‌కు నాలుగు రోజులే గడువు. మైకులు హోరెత్తాల్సిన సమయంలో దక్షిణ గుజరాత్‌లో ఎన్నికల సభలు వరసగా రద్దవుతున్నాయి. కారణం ఓఖీ తుఫాను. అరేబియా సముద్రంలో ఉత్తరానికి మళ్లిన ఓఖీ ఆ రాత్రి సూరత్ సమీపంలో తీరం దాటవచ్చని భారత వాతావరణ శాఖ అంచనా. సూరత్ ఎన్నో వరదలు చూసిన నగరమే గానీ, చలికాలంలో తుఫాను దానికి కొత్త. ముందు జాగ్రత్తగా ముంబయిలోనూ బడులకు సెలవిచ్చారు.

తీరా తెల్లవారేసరికి సూరత్ చూసింది మబ్బులు, జల్లులు, కొంచెం ఎక్కువ చలి. ఓఖీ సముద్రం మీదే నీరసించి, సూరత్, దహాను మధ్య కేవలం అల్పపీడనంగా తీరం చేరింది. ఇక జోకులకు కొదవేముంది? వాతావరణ శాఖ వర్షమంటే గొడుగు ఇంట్లో పెట్టి వెళ్లొచ్చనే పాత హాస్యం మళ్లీ చలామణీలోకి వచ్చింది.

నిజానికి ఆ అంచనా అంతగా తప్పలేదు. తుఫాను తీరం చేరేలోగా వాయుగుండంగా బలహీనపడుతుందని శాఖ బులెటిన్లే చెప్పాయి. డిసెంబర్‌లో అరేబియా సముద్రపు ఉత్తర భాగం చల్లబడుతుంది. తుఫానుకు ఇంధనం వెచ్చటి సముద్రం నుంచి లేచే తేమే. దానికి తోడు పడమటి నుంచి వీచే పైగాలులు తుఫాను తలను ఒక పక్కకు, మొండేన్ని మరో పక్కకు లాగేస్తాయి, పొడిగాలి లోపలికి చొరబడుతుంది. బలహీనపడటం ఖాయమని అందరికీ తెలుసు. ఎక్కడ, ఎంత త్వరగా అన్నదే తేలలేదు. జనం చెవిన పడింది మాత్రం 'తుఫాను', 'సూరత్' అనే రెండు మాటలే.

ఇలాంటి రాత్రుళ్లు కొందరికి నిద్ర పట్టదు. వాళ్లు వాతావరణ శాస్త్రవేత్తలు కారు. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు, బ్యాంకు ఉద్యోగులు, కాలేజీ కుర్రాళ్లు. యూరప్ నమూనా ఏమంటోంది, అమెరికా నమూనా ఏమంటోంది, తాజా ఉపగ్రహ చిత్రంలో మబ్బు ఎటు జరిగింది అని ఫోన్లో చూస్తూ కూర్చుంటారు. తిరుపతికి చెందిన సాయి ప్రణీత్ అలా 'ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్' అయ్యారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూనే రైతులకు తెలుగులో వాతావరణ సమాచారం అందిస్తున్న ఆయన గురించి 2021 జులైలో ప్రధాని మోదీ 'మన్ కీ బాత్'లో ప్రస్తావించారు. తమిళనాట ప్రదీప్ జాన్‌కు 2015 చెన్నై వరదల నాడు ఇలాంటి పేరే వచ్చింది.

ఈ ఔత్సాహికులకు జనాదరణ ఎందుకంటే జవాబు తేలికే. వాళ్లు మన భాషలో, మన ఊరి పేరు చెప్పి మాట్లాడతారు. 'ఒకటి రెండు చోట్ల భారీ వర్షం' అనే సర్కారీ వాక్యంలో మన పేట ఆ ఒకటా, రెండా అన్నది తెలియదు. కానీ ఇక్కడే ఒక ప్రమాదమూ ఉంది. పది నమూనాలు పది దారులు చూపినప్పుడు, అన్నిటికన్నా భయంకరమైనదే అందరికన్నా వేగంగా ఊరంతా తిరుగుతుంది. మిగిలిన తొమ్మిదీ ఎవరికీ గుర్తుండవు.

ఇది మనకే పరిమితమైన జబ్బు కాదు. 2015 జనవరి చివర్లో న్యూయార్క్, న్యూజెర్సీల మీదకు చరిత్రలో నిలిచిపోయే మంచు తుఫాను వస్తోందన్నారు. ఎడిసన్‌లోని తెలుగువారితో సహా లక్షల మంది పాలు, బ్రెడ్డు కొని ఇళ్లకు చేరారు. న్యూయార్క్ సబ్‌వేనే ఆపేశారు. నగరంలో రెండడుగుల దాకా మంచు పడొచ్చన్నది అంచనా. సెంట్రల్ పార్కులో పడింది పది అంగుళాల లోపు. తుఫాను కాస్త తూర్పుకు జరగడమే కారణం. అదే రాత్రి పక్కనున్న లాంగ్ ఐలాండ్‌లో మాత్రం రెండడుగులు పడింది. న్యూజెర్సీకి అంచనాలిచ్చే ప్రభుత్వ కార్యాలయం నుంచి ఒక అధికారి ప్రజలకు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. తుఫాను ఉనికిలో తప్పు లేదు. దాని అంచు ఎక్కడన్నదే తప్పింది.

ఆ అంచును చూపడానికే మన వాతావరణ శాఖ 2009 నుంచి తుఫాను పటంలో గీతకు బదులు శంఖువు ఆకారాన్ని ఇస్తోంది. ముందుకు పోయే కొద్దీ అది వెడల్పవుతుంది. ఒక రోజు ముందు చెప్పిన చోటుకు, తుఫాను నిజంగా చేరిన చోటుకు మధ్య కొన్ని పదుల కిలోమీటర్ల తేడా నేటికీ మామూలే. రెండు మూడు రోజుల ముందు అంచనాలో అది వంద దాటినా వింత లేదు. వంద కిలోమీటర్లంటే సూరత్ నుంచి ఇంచుమించు వాపీ దాకా. ఖటోదరా పారిశ్రామిక వాడలోని మగ్గాల షెడ్డు యజమానికి ఆ తేడా అంటే నేల మీద పేర్చిన బట్ట తానుల్ని పైకెత్తించాలా వద్దా అన్న ప్రశ్న. ఎత్తిస్తే కూలి దండగ కావచ్చు. ఎత్తించకపోతే సరుకే పోవచ్చు. ఏది తక్కువ నష్టమో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో సూరత్‌కు తెలుసు. 2006 ఆగస్టులో తాపీ నది ఎగువన కుండపోత కురిసింది. నగరానికి దాదాపు వంద కిలోమీటర్ల దూరంలోని ఉకాయ్ జలాశయాన్ని ముందే ఖాళీ చేస్తే, వాన రాకపోతే సాగుకూ కరెంటుకూ నీళ్లుండవు. నింపి ఉంచితే, వాన వస్తే దిగువన నగరం ఉంది. చివరికి సుమారు తొమ్మిది లక్షల క్యూసెక్కులు వదలాల్సి వచ్చింది. నగరంలో అధిక భాగం రోజుల తరబడి నీళ్లలో నానింది. ఆ తర్వాతే ఉకాయ్ వరద ముప్పును ముందుగా పసిగట్టే వ్యవస్థను సూరత్ సమకూర్చుకుంది.

ఓఖీ కథకు మరో కొస కూడా ఉంది. సూరత్‌లో జోకులు పేల్చిన ఆ తుఫానే వారం ముందు కన్యాకుమారి, తిరువనంతపురం తీరాల్లో ఎన్నో ఇళ్లను శోకంలో ముంచింది. నవంబర్ 29న వాయుగుండంగా ఉన్నది 30న తుఫానైంది. అప్పటికే పడవలు నడిసంద్రంలో ఉన్నాయి. హెచ్చరిక ఎప్పుడు అందిందన్న దానిపై వాతావరణ శాఖకూ కేరళ ప్రభుత్వానికీ మధ్య వాగ్వాదం నడిచింది. ఈలోగా వందలాది మత్స్యకారులు చనిపోవడమో, గల్లంతవడమో జరిగింది. అక్కడ హెచ్చరిక ఆలస్యమైంది, ఇక్కడ హెచ్చరించినంత ముప్పు రాలేదు. రెండూ ఒకే తుఫానువి.

దివిసీమను, హుద్‌హుద్‌ను చూసిన తెలుగువారికి వీటిలో ఏది ఖరీదైన పొరపాటో విడమర్చి చెప్పనవసరం లేదు. 'వస్తుంది' అనో 'రాదు' అనో ఖాయంగా చెప్పే వెదర్‌మ్యాన్ కన్నా, 'పదింట మూడు పాళ్లు రావచ్చు, తానులు మాత్రం పైకెత్తుకోండి' అనేవాడే నమ్మదగినవాడు. అలా చెప్పినవాణ్ణి, ఆ మిగిలిన ఏడు పాళ్లే నిజమైన మర్నాడు గేలి చేయకుండా ఉండటం మాత్రం మన వంతు. గేలికి జడిసి అతను నోరు మూసుకుంటే, తర్వాతి తుఫానుకు పడవలు సముద్రంలోకి వెళ్లిపోయి ఉంటాయి.