నాన్నగారి సైకిలు, అక్కయ్య నడక



యాభై, అరవై ఏళ్ళు దాటిన వారు నలుగురు కూడిన చోట సైకిలు మాట ఎత్తి చూడండి. అంతవరకు మోకాళ్ళ నొప్పుల గురించీ, ఎరువుల ధరల గురించీ మాట్లాడుకుంటున్న వాళ్ళు ఒక్కసారిగా పిల్లలైపోతారు. ఒకరు మోచేతి మీది పాత మచ్చ చూపిస్తారు. ఇంకొకరు కాలవలో పడ్డ సంగతి చెప్పి తామే ముందు నవ్వుతారు. మా తరానికి సైకిలంటే అంత ముచ్చట. ఈ నెల ఆ ముచ్చట్లే కొన్ని చెప్పుకుందాం. వాటితోపాటు మన ఇళ్ళల్లో ఎప్పుడూ వేసుకోని ఒక చిన్న లెక్క కూడా వేసుకుందాం.

మా చిన్నతనంలో, అంటే 1960లు, 70లలో, ఊరికి పది పదిహేను సైకిళ్ళుంటే అది కలిగిన ఊరి కింద లెక్క. బెల్లు మోతను బట్టి ఎవరి సైకిలు వస్తోందో ఇంట్లో నుంచే చెప్పేవాళ్ళం. పాతకాలపు పెద్దల ఇళ్ళల్లో ఇంగ్లండు నుంచి వచ్చిన ర్యాలీ సైకిళ్ళు ఉండేవి. స్వాతంత్ర్యం వచ్చాక మన దేశంలోనే తయారీ పెరిగింది. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్ వారు మొదలుపెట్టారు, హెర్క్యులిస్ వాళ్ళదే. 1951లో సోనీపట్‌లో అట్లాసు, 1956లో లూధియానాలో హీరో వచ్చాయి. ఆ హీరో కంపెనీయే 1986 నాటికి ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ సైకిళ్ళు చేసే కంపెనీగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఏ పేరు మీద వచ్చినా సైకిలు రూపం మాత్రం ఒక్కటే. నల్లరంగు, ఇరవై రెండో ఇరవై నాలుగో అంగుళాల ఫ్రేము, ఇరవై ఎనిమిది అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, వెనక బరువు మోసే క్యారియరు. మనిషి ఎక్కడానికి ఎంత చేశారో, బస్తా ఎక్కడానికీ అంతే చేశారు.

అది ఇంటికి ఒక్కటే. నాన్నగారిది. తెల్లవారగానే పొలం గట్టుకు, తర్వాత పాలకేంద్రానికి, మధ్యాహ్నం బజారుకు, సాయంత్రం ఎవరో ఒకరు అడిగితే వాళ్ళింటికి. పురిటి నొప్పులు వస్తే మంత్రసాని కోసం వెళ్ళింది సైకిలే. జ్వరం వచ్చిన పిల్లవాణ్ణి ముందు బారు మీద తువ్వాలు చుట్టి కూర్చోబెట్టుకుని, వెనక క్యారియరు మీద తల్లిని ఎక్కించుకుని ఆసుపత్రికి చేర్చింది సైకిలే. వడ్లబస్తా మిల్లుకు పోయింది కూడా దాని మీదనే. పట్నంలో దీపం లేకుండా రాత్రిపూట పోతే పోలీసులు ఆపేవారు. ఇద్దరెక్కినా ఆపేవారు. అందుకని పట్నం పొలిమేరలో ఒకరు దిగి నడవడం, అవతల మళ్ళీ ఎక్కడం మామూలు.

అటువంటి సైకిలును పిల్లల చేతికి ఎవరిస్తారు? నాన్నగారు భోంచేసి నడుం వాల్చిన వేళ చూసి, చప్పుడు కాకుండా స్టాండు తీసి, వీధి మలుపు దాకా నడిపించుకుపోవాలి. సీటు మా భుజాల ఎత్తు. కాళ్ళు అందవు. బారు కింద నుంచి కుడికాలు అవతలికి దూర్చి, ఎడమచేత్తో హ్యాండిలు, కుడిచేత్తో సీటో బారో పట్టుకుని, ఒంటిని విల్లులా వంచి సగం సగం తొక్కుతూ పోవడమే. తెలంగాణ వైపు వాళ్ళు దీన్ని కైంచీ తొక్కడం అంటారు. కైంచీ అంటే కత్తెర; సరిగ్గా అలాగే ఉండేది. చేతిలో పావలా ఉన్న రోజున అద్దె సైకిళ్ళ షాపుకు పోయేవాళ్ళం. షాపాయన పుస్తకంలో పేరు, టైము రాసుకుని చిన్న సైకిలు ఇచ్చేవాడు. ఒక గంట అద్దెకు నలుగురం వంతులు వేసుకునేవాళ్ళం. షాపులోని గోడ గడియారం మాత్రం మా మీద పగబట్టినట్టు పరుగెత్తేది.

నేర్చుకునే రోజుల్లో వెనక సీటు పట్టుకుని పరుగెత్తిన మనిషిని ఎవరమూ మరచిపోలేం. బాబాయో, మేనమామో, పక్కింటి అన్నయ్యో. "పట్టుకున్నావా? వదలకు!" అని అరుస్తూ తొక్కేవాళ్ళం. "పట్టుకునే ఉన్నానురా, ముందుకు చూడు!" అని జవాబు వచ్చేది. ఆ జవాబు రానురాను దూరం నుంచి వినిపించేది. వెనక్కి తిరిగి చూస్తే ఆయన ఎక్కడో చింతచెట్టు కింద నిలబడి నవ్వుతూ ఉండేవాడు. చూసిన మరుక్షణం మేము కింద పడేవాళ్ళం. అయినా అప్పటికే సైకిలు వచ్చేసింది.

తొక్కడంతోపాటు చూసుకోవడం కూడా నేర్పేవారు. ఆదివారం నాటికి సైకిలు తుడవాలి. చువ్వల మధ్య గుడ్డ దూర్చి రిమ్ములు మెరిసేలా రుద్దాలి, చైనుకు నూనె వేయాలి. పంక్చరు అయితే ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో కొంచెం కొంచెంగా ముంచుతూ పోవాలి. బుడగలు లేచిన చోట చిల్లు. అక్కడ తుడిచి, గరుకు కాగితంతో గీకి, సొల్యూషన్ రాసి, ఆరేదాకా ఆగాలి. ఆగలేక తడి మీదనే ముక్క అతికిస్తే ఊరి చివరికి పోయేసరికి మళ్ళీ గాలి దిగిపోతుంది. ఏ పనికైనా ఓర్పు ఎందుకో మాకు మొదట తెలిసింది ఆ సొల్యూషన్ ఆరేదాకా కూర్చున్నప్పుడే.

మన సంఘాలలోని పెద్దలకు సంఘకాపరి గారి సైకిలు కూడా గుర్తుండే ఉంటుంది. ఒక్క అయ్యగారికి నాలుగైదు ఊళ్ళు. ఆదివారం ఉదయం ఒక ఊళ్ళో ఆరాధన, మధ్యాహ్నం ఇంకో ఊళ్ళో. క్యారియరుకు సంచీ, పంచె చైనులో పడకుండా పైకి దోపిన కుచ్చెళ్ళు. వానాకాలం నల్లరేగడి దారిలో బంకమన్ను మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరగదు. అప్పుడు సైకిలు అయ్యగారిని మోయడం పోయి, అయ్యగారే సైకిలును భుజాన మోసుకుని వచ్చేవారు. అదే ఊళ్ళకు, అదే దారిలో బైబిలు స్త్రీ కూడా వచ్చేది. ఆమెకు సైకిలు లేదు. చేతిసంచీతో, నెత్తిన కొంగుతో నడిచే వచ్చేది, నడిచే పోయేది. అది ఎవరికీ వింతగా తోచలేదు.

మన లెక్క ఇక్కడ మొదలవుతుంది. పైన చెప్పిన ముచ్చట్లన్నీ మళ్ళీ ఒకసారి చదవండి. సైకిలు తొక్కినవారు అందరూ మగవారే. స్త్రీలు వెనక కూర్చున్నారు, లేదా నడిచారు. పరికిణీలు, ఓణీలు వేసుకునే పిల్లలకు ఆ అడ్డబారే మొదటి అడ్డంకి. బారు లేని లేడీసు సైకిలు ఊళ్ళోకి వస్తే డాక్టరమ్మదో, టీచరమ్మదో అయి ఉండేది. వీధిలో ఆడపిల్ల సైకిలెక్కితే అరుగుల మీద వాళ్ళు ఏమంటారో అన్నది రెండో అడ్డంకి.

మా అక్కయ్య ఏడో తరగతిలో క్లాసుకు మొదటిది. హైస్కూలు నాలుగు మైళ్ళ దూరంలో, కాలవగట్టు వెంట. ఏడుతోనే చదువు ఆగిపోయింది. "అంత దూరం ఆడపిల్ల ఎలా వెళ్తుంది" అన్నారు ఇంట్లో పెద్దలు. చాలా ఏళ్ళ తర్వాత ఒకనాడు ఈ మాట వస్తే అక్కయ్య నెమ్మదిగా అంది: "దూరం కాదు తమ్ముడూ. నడవడానికి నేను భయపడ్డానా? బడి వదిలేది నాలుగున్నరకి. చలికాలం ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది. అమ్మ భయమంతా ఆ చీకటి గురించే."

ఆ మాట మీద లెక్క వేసి చూడండి. నాలుగు మైళ్ళు అంటే ఆరున్నర కిలోమీటర్లు. నడిస్తే గంటంబావుకు తక్కువ పట్టదు. నాలుగున్నరకు బయలుదేరితే ఇంటికి వచ్చేసరికి దాదాపు ఆరు. సైకిలు మీద అయితే అరగంట. ఐదు గంటలకు, ఇంకా ఎండ ఉండగానే పిల్ల గుమ్మంలో ఉంటుంది. రాకపోకలు రెండూ కలిపితే రోజుకు గంటన్నర మిగులు. ఆ గంటన్నర లేకనే మన ఊళ్ళల్లో ఎందరు ఆడపిల్లల చదువులు ఐదుతో, ఏడుతో ఆగిపోయాయో ఒక్కసారి మీ ఇంటి పెద్దమ్మలను, మేనత్తలను అడగండి.

ఇందులో ఇంకొక సంగతి ఉంది. ఆ రోజుల్లో పెళ్ళి మాటల్లో అల్లుడికి సైకిలు, వాచీ, రేడియో అడిగేవారు. కూతురు బడికి వెళ్ళడానికి సైకిలు కొనాలన్న ఆలోచన రాని ఇంట్లోనే, అల్లుడికి కొత్త సైకిలు అప్పు చేసి కొన్నారు. డబ్బు లేక కాదు, సైకిలు దొరకక కాదు. ఆడపిల్లకు అది అవసరమన్న తలంపు పుట్టలేదు.

తలంపు పుట్టిన చోట ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. 1991లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా స్త్రీలకు సైకిలు నేర్పారు. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ గారు దీనికి వెన్నుదన్నుగా నిలిచారు. కూలిపనుల వాళ్ళు, క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు, నర్సులు, అంగన్‌వాడీ పనివారు లక్షమందికి పైగా నేర్చుకున్నారని పాత్రికేయుడు పి. సాయినాథ్ గారు రాశారు. లేడీసు సైకిళ్ళు చాలక చాలామంది మగవారి సైకిళ్ళే తొక్కారు. బారు మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు గనుక అవే మేలన్న తల్లులూ ఉన్నారట. మా కాలంలో అడ్డంకి అనుకున్న బారు వాళ్ళకు ఆసరా అయింది.

2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదో తరగతికి వచ్చిన ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి రెండేసి వేల రూపాయలు ఇచ్చింది. దాని ఫలితాన్ని కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు లెక్కకట్టి 2017లో ప్రచురించారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగింది. చేరికలో మగపిల్లలకూ ఆడపిల్లలకూ మధ్య ఉన్న తేడా 40 శాతం తగ్గింది. ఎక్కువ మేలు జరిగింది బడి మూడు కిలోమీటర్లు, అంతకు మించి ఉన్న ఊళ్ళకే. కాలవగట్టు మీద అక్కయ్య చెప్పిన లెక్కా, చదువుకున్న వాళ్ళు కాగితం మీద వేసిన లెక్కా ఒక్కచోటికే వచ్చాయి. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ 2017లో "బడికొస్తా" అనే పేరుతో ప్రభుత్వ హైస్కూళ్ళ ఆడపిల్లలకు సైకిళ్ళు పంచారు.

ఇంతలో కాలం మారింది. 2018లో ఐక్యరాజ్యసమితి జూన్ 3ను ప్రపంచ సైకిలు దినంగా ప్రకటించింది. 2020లో సరిగ్గా అదే జూన్ 3న అట్లాసు కంపెనీ సాహిబాబాద్‌లోని తన చివరి కర్మాగారం మూసివేసింది. ఇప్పుడు మన ఇళ్ళ ముందు మోటారు సైకిళ్ళు ఉన్నాయి. పదహారేళ్ళు నిండని కొడుకు చేతికి కూడా ఆ తాళం ఇచ్చే తండ్రులున్నారు. 2019లో సవరించిన చట్టం ప్రకారం అలా ఇచ్చిన పెద్దలకు ఇరవై ఐదు వేల జరిమానాతోపాటు మూడేళ్ళ వరకు జైలు కూడా పడవచ్చు. అదే ఇంట్లో ఆడపిల్ల ఆటో కోసం రోడ్డు మీద నిలబడుతుంది. ఆటో రాని రోజున బడి మానుతుంది. సైకిలు మాత్రం గొడ్లసావిట్లో గోడకు ఆనించి, గాలి లేక, చైను తుప్పు పట్టి పడి ఉంటుంది.

ఈ నెల మనం చేయదగిన పని చిన్నదే. ఆ సైకిలు బయటికి తీయండి. టైర్లు, ట్యూబులు మార్చాలంటే మార్పించండి. బ్రేకు కట్టలు వేయించి, చైను కిరసనాయిలుతో కడిగి నూనె పెట్టించండి. సీటు పిల్ల ఎత్తుకు దించండి. మీ ఇంట్లో దానితో పని లేకపోతే, మీ వీధిలో బడికి నడిచి వెళ్ళే పిల్ల ఎవరో చూసి వాళ్ళింటికి పంపండి. సంఘంలో నలుగురు యువకులు పూనుకుంటే ఊళ్ళో మూలపడ్డ సైకిళ్ళన్నీ ఒక శనివారం బాగుచేయవచ్చు. నడుము పట్టే తాతలకు పంక్చరు వేయడం ఇంకా గుర్తే. వాళ్ళను కూర్చోబెట్టి నేర్పించుకోండి.

ఆ పిల్ల మొదటిసారి ఎక్కినప్పుడు వెనక సీటు పట్టుకుని పరుగెత్తడానికి ఒక మనిషి కావాలి. తండ్రి అయినా, అన్నయ్య అయినా, అమ్మ అయినా సరే. అరుగు మీద వాళ్ళు ఏమైనా అంటే అననివ్వండి. పిల్ల బాగా తొక్కేదాకా వాళ్ళు అంటారు. ఆ తర్వాత తమ మనవరాలికి కూడా నేర్పమని వాళ్ళే వచ్చి అడుగుతారు.

వచ్చే నెల మరో ముచ్చటతో కలుసుకుందాం.