మందు చేతనుండి మింగనివారు

మందు లేని రోజులలో మనుషులు చనిపోయారంటే అందులో అర్థమున్నది. 1921 వరకు చక్కెర వ్యాధి సోకిన పిల్లవానికి వైద్యులు చేయగలిగినదల్లా ఆహారము బాగా తగ్గించి, ఆకలితోనే మరికొన్నాళ్లు బ్రతికించుట మాత్రమే. ఆ యేడు కెనడాలోని టొరంటో నగరములో బాంటింగ్, బెస్ట్ అనువారు ఇన్సులిన్‌ను వెలికితీశారు. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునికి దానిని ఎక్కించగా, మరణము అంచున ఉన్న ఆ పిల్లవాడు కోలుకొని మరి పదమూడేండ్లు బ్రతికాడు. నూరేండ్లు దాటిపోయినవి. నేడు మందు మన వీధి చివరి దుకాణములోనే దొరుకుతున్నది. అయినను కాలు తీసివేయించుకొన్నవారిని, చూపు పోయినవారిని, వారానికి రెండు మూడు మార్లు డయాలిసిస్ మంచము మీద పడుకొనేవారిని మన బంధువర్గములోనే చూస్తున్నాము. మందు దొరకక వీరికి ఈ గతి పట్టలేదు. దొరికిన మందును వాడుకొనకపోవుట వలన పట్టినది.

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి వారి అధ్యయనము ప్రకారము మన దేశములో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి ఈ వ్యాధి ఉన్నది. మరి 13 కోట్ల 60 లక్షల మంది దాని గడప మీద నిలిచియున్నారు. వీరిలో జాగ్రత్త పడనివారిని గురించి లోకము చెప్పే మాట ఒక్కటే: “చదువు లేదు, నోరు కట్టుకోలేరు.” ఈ మాటతో మేము ఏకీభవించలేము. దీర్ఘకాలిక రోగాలకు మందులు సక్రమముగా వాడేవారు సంపన్న దేశాలలో సైతము సగటున సగము మందేనని 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. చదువు, డబ్బు, మంచి ఆసుపత్రులు అన్నీ ఉన్నచోట కూడ సగము మంది తప్పిపోతున్నారంటే, ఈ నిర్లక్ష్యమునకు మూలము అజ్ఞానము ఒక్కటే కాదు.

మా బస్తీలో ఒక దర్జీ చాచా ఉండేవారు. పండుగ వచ్చిందంటే మా చిన్ననాటి కుర్తాలన్నీ ఆయన మిషను మీద నుండి రావలసిందే. మనిషి సోమరి కాడు, తెలివి తక్కువవాడు అంతకంటె కాడు. కొలత ఒకసారి చూస్తే పదేండ్లు గుర్తుంచుకొనేవారు. షుగర్ ఉన్నదని తేలిన మొదటి యేడు మాత్రలు వేళ తప్పక వేసుకొన్నారు. రెండవ యేడు చీటీ పోయినది. అడిగితే, “బేటా, నాకేమీ లేదుగా, ఒళ్ళు బాగానే ఉన్నది” అనేవారు. ఆయన అబద్ధము చెప్పలేదు. నిజముగానే ఆయనకేమీ తెలియలేదు. పాదములలో స్పర్శ పోయిన సంగతి కూడ తెలియలేదు. చెప్పులు విడిచి మిషను తొక్కే అలవాటు ఆయనది. ఒకనాడు క్రింద పడియున్న విరిగిన సూది మడమలో దిగితే, సాయంత్రము కోడలు నేల మీద రక్తపు మరక చూచి చెప్పేవరకు ఆయన ఎరుగరు. ఆ పుండు మానలేదు. చివరకు మోకాలి క్రింద వరకు తీసివేశారు.

ఈ వ్యాధిలోని మోసము ఇదే. పన్ను నొప్పి పుట్టినవాడు అర్ధరాత్రియైనను వైద్యుని తలుపు తడతాడు. రక్తములో చక్కెర రెండింతలైనను చాలమందికి తలనొప్పి కూడ రాదు. కంటి వెనుక పొరలో రక్తనాళములు చెడిపోతున్నను చూపు చాలకాలము నిలిచే ఉంటుంది. మూత్రపిండములు సగము పాడైనను మనిషి బజారుకు పోయి సంచి మోసుకొనివస్తాడు. మాత్ర వేసుకొన్ననాడు ఏదో సుఖము, వేసుకొననినాడు ఏదో బాధ ఉంటే ఎవ్వరూ మానరు. ఇక్కడ వేసుకొన్ననాడు కడుపులో వికారము, మాననాడు హాయి! ఇరవై యేండ్ల తరువాత రాబోయే కష్టము కొరకు ఈనాటి నోటి రుచిని వదలుకొమ్మంటే మనుష్య స్వభావము వెంటనే ఒప్పుకొనదు. పరీక్షలు మార్చిలో ఉన్నవని తెలిసియు జులైలో పుస్తకము తెరవని మనమే ఈ విషయములో తీర్పరులము కావలెనా?

పరీక్షల మాట వచ్చినది గనుక ఇంకొక సంగతి. వైద్యుని వద్దకు పోయే ముందు మూడు దినములు అన్నము మాని, జొన్నరొట్టె తిని, ఉదయము సాయంత్రము నడచి, రక్తము ఇచ్చి, తిరిగివచ్చే దారిలో ఇరానీ హోటలులో మలాయి చాయ్ త్రాగే పెద్దలను మేమెరుగుదుము. ముందురాత్రి గైడు చదివి గట్టెక్కే విద్యార్థికి వీరు సాక్షాత్తు సోదరులు. ఈ ఉపాయము పరగడుపు పరీక్ష ముందు సాగుతుంది కాని, మూడు నెలల సగటును చూపే పరీక్ష ముందు సాగదు. ఎర్ర రక్తకణము ఇంచుమించు 120 రోజులు బ్రతికి, తాను చూచిన చక్కెరనంతా తనకు అంటించుకొనియే తిరుగుతుంది. మేము అడుగదలచినది వేరు. తన ఒంటికి తానే మోసము చేసికొనే స్థితికి ఆ పెద్దమనిషి ఎందుకు వచ్చాడు? పరీక్ష ఫలితమును ఆయన తన ఆరోగ్య సమాచారముగా కాక, తన నడవడికపై చెప్పబోయే తీర్పుగా భావిస్తున్నాడు. ఆ భావన ఆయనకు ఊరక కలుగలేదు. మనమే కలిగించాము.

ఇంట్లో ఒకరికి షుగర్ అని తేలగానే మిగిలినవారందరు పోలీసులవుతారు. వలీమా విందులో చెంచా ఎత్తబోయే ముందే, “అరే, మీకు షుగర్ కదా!” అని పదిమంది వినేటట్లు అరచేది మనమే. పెండ్లిళ్లలో విస్తరి ముందు జరిగేదీ ఇదే. డాక్టరు గదిలో కూడ వెనుక వరుసలోని వారందరు వింటూండగా, “ఇట్లా అయితే మీ ఇష్టం, కాలు పోతుంది” అని గద్దింపు. గద్దించినవారిని మేము నిందించము. వారి తలుపు ముందు వంద మంది నిలుచున్నారు. కాని అటువంటి మాట విన్నవాడు మరునాటి నుండి తీపి మానడు, ఆ గది మొగము చూచుట మానుతాడు. ఇంట్లో దాచుకొని తింటాడు. మా దర్జీ చాచా చీటీ పోగొట్టుకొన్నది సరిగ్గా అటువంటి ఒక ఉదయము తరువాతనే.

ఇన్సులిన్‌ను బెదిరింపుగా వాడుట ఇంకొక అపచారము. “మాత్రలు సరిగా వేసుకోకపోతే సూది రాస్తాను” అంటే, సూది అనగా శిక్ష అని రోగి మనస్సులో నాటుకొంటుంది. ఆ పైన “సూది పడిందంటే ఇక చివరి దశే” అని చుట్టాలు తోడుపడతారు. వాస్తవమేమనగా, పెద్దవయసులో వచ్చే చక్కెర వ్యాధిలో ఎంత జాగ్రత్తగా ఉన్నను ఏండ్లు గడచినకొలది క్లోమములోని కణములు అలసిపోవుట వ్యాధి లక్షణము. 1998లో వెలువడిన బ్రిటిషు దీర్ఘకాల అధ్యయనము ఈ సంగతిని స్పష్టము చేసినది. కాబట్టి ఒకనాటికి సూది అవసరమగుట రోగి చేసిన తప్పునకు గుర్తు కాదు. ఈ ఒక్క మాట మొదటి దినమే చెప్పియుంటే, సూదికి భయపడి కాకరకాయ రసము, నేరేడు గింజల పొడి పట్టుకొని రెండేండ్లు పోగొట్టుకొన్నవారు ఎందరో సకాలములో దారికి వచ్చేవారు.

రంజాను మాసమును గురించి మా పత్రికలో చెప్పక తప్పదు. రోగికి, ప్రయాణికునికి ఉపవాసము నుండి మినహాయింపు ఉన్నదని ప్రతి ఇంటిలోను తెలుసు. అయినను 2001లో పదమూడు దేశాలలో జరిపిన పరిశీలనలో, పెద్దవయసు చక్కెర వ్యాధి గలవారు నూటికి సుమారు 79 మంది ఆ నెలలో కనీసము పదిహేను రోజులు ఉపవాసమున్నారు. వారిలో చక్కెర ప్రమాదకరముగా పడిపోవుట మామూలు నెలలకంటె ఏడున్నర రెట్లు పెరిగినది. ఈ పెద్దలు మొండివారని మేము అనము. నలుబది యేండ్లుగా విడువని ఉపవాసము విడిచి, ఇంట్లో అందరు ఇఫ్తారుకు కూర్చున్నవేళ తాను వేరుగా కూర్చొనుట వారికి రోగముకంటె బరువు. ఉపవాసమునకు ఆరు వారములు ముందే వైద్యుని కలిసి, మాత్రల వేళలు, మోతాదులు మార్చుకొంటే కొందరికి అది క్షేమముగానే సాగవచ్చును, కొందరికి సాగదు. కాని “వద్దు” అనే మాట తప్ప మరేమీ వినబడదను భయముతో వారు అడుగనే అడుగరు, మాత్రలను తమకు తోచినట్లు మానివేస్తారు. కార్తిక సోమవారములు ఉపవాసముండే మా హిందూ మిత్రుల తల్లుల కథయు ఇంతే.

డబ్బు ప్రసక్తి లేదని మేమనుట లేదు. మెట్‌ఫార్మిన్ మాత్ర చౌక. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో, బస్తీ దవాఖానాలలో ఉచితముగా కూడ ఇస్తారు. కాని దాని కొరకు వరుసలో నిలబడే ఒక పూట చౌక కాదు. దినకూలి ఆ పూట పోగొట్టుకొంటాడు. ఆటో నడిపేవాడు గిరాకీ పోగొట్టుకొంటాడు. నెలకొకసారి కూలి మానుకొని ఏమీ నొప్పిలేని రోగానికి మందు తెచ్చుకొనుమంటే, ఇంట్లో బియ్యము చూచుకొనేవాడు ఏది ఎన్నుకొంటాడో ఊహించవచ్చును.

ఇక ఈ వ్యాధి వృద్ధులదేనని తలచే మన విద్యార్థి మిత్రులకు ఒక మాట. మాతో చదివిన ఒక సోదరికి తొమ్మిదవ యేట నుండి ఇన్సులిన్ అవసరము. మూడేండ్లలో ఆమె సూది వేసుకొనుట మాలో ఎవ్వరూ చూడలేదు. స్నానాలగదిలో, తలుపు గడియపెట్టి, నిలబడియే వేసుకొనేదట. సంబంధము కుదిరిన తరువాత కాబోయే అత్తవారు రెండు దినములు ఇంట్లో విడిది చేస్తే, తెలిసిపోతుందని రెండు దినములూ మానివేసినది. మూడవనాడు వాంతులు, ఆయాసము, స్పృహ లేని స్థితి. ఆసుపత్రిలో అయిదు రోజులు. బ్రతికినది. ఆమెను నిర్లక్ష్యము గలదని ఎవరనగలరు? ఆమెకు మందు విలువ మనకంటె బాగుగా తెలుసు. మనకు తెలిస్తే ఏమవుతుందో అదియు తెలుసు.

అందుచేత కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి. వ్యాధిని గురించిన ఉపన్యాసములు ప్రతి నవంబరు 14న జరుగుతూనే ఉన్నవి. మరియొకటి అవసరము లేదు. కేంద్ర మాధ్యమిక విద్యా మండలి వారు 2017లోనే చక్కెర వ్యాధి గల విద్యార్థులు పరీక్ష హాలులోనికి తినుబండారములు తెచ్చుకొనుటకు అనుమతించారు. మన కళాశాల పరీక్షలలో అట్టి నియమము వ్రాతపూర్వకముగా లేదు. చెమటలు పట్టి, చేతులు వణకి, జేబులోని గ్లూకోజు బిస్కట్టు కొరకు తడుముకొనే విద్యార్థిని కాపీ కొట్టేవానిగా భావించే ప్రమాదమున్నది. ఈ నియమమును ఈ సంవత్సరమే చేర్చవలెను. బాలికల విశ్రాంతి గదిలో, బాలుర వైపున ఒక చిన్న గదిలో, కూర్చొని సూది వేసుకొనుటకు ఒక బల్ల, కుర్చీ, వాడిన సూదులు వేయుటకు ఒక గట్టి డబ్బా ఏర్పాటు చేయవలెను. ఇన్సులిన్ సీసా ఏప్రిల్ ఎండలో సంచిలో ఉంటే చెడిపోతుంది. ఆఫీసు గదిలో మంచినీళ్ల సీసాల కొరకు ఒక ఫ్రిజ్ ఉన్నది. అందులో తలుపు వైపున ఒక్క అర ఖాళీ చేస్తే చాలును.