నీళ్ళ గంట మోగింది, మరి తరువాత?



వేసవి సెలవులు ముగిసి మన రాష్ట్రంలో బడులు సాధారణంగా జూన్ 12వ తేదీన తెరుస్తారు. ఆనాటి సందడి మీకు తెలియనిది కాదు. కొత్త పుస్తకాల వాసన, కొత్త సంచి, పై తరగతికి వచ్చామన్న గర్వం! 2025లో బడులు తెరిచినప్పుడు ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు పుస్తకాలు, సంచి, బెల్టు, బూట్లు ఇచ్చారు. మధ్యాహ్న భోజనానికి సన్నబియ్యం ఇవ్వడం మొదలుపెట్టారు. అంతా సంతోషించవలసిందే. అయితే బడి తెరిచిన రోజున ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. మీరు తాగే నీళ్ళు, ఆ తరువాత మీరు ‘ఒకటికి’ వెళ్ళవలసిన చోటు. నవ్వకండి, ఇది కూడా విజ్ఞానశాస్త్రమే!

కడప జిల్లా కమలాపురాన్నే తీసుకుందాం. పాపాఘ్ని నది పెన్నలో కలిసేది ఈ ఊరి దగ్గరే. రెండు నదులు కలిసే చోటు కదా, నీటికి కొదవేమిటి అనుకుంటారేమో! బడులు తెరిచే నాటికి అక్కడ నీటికంటే ఇసుకే ఎక్కువగా కనిపిస్తుంది. జూన్ రెండో వారంలో కూడా ఎండ 40 డిగ్రీల దరిదాపుల్లో ఉండటం అక్కడ వింత కాదు. పగలంతా కాగిన మిద్దె కింద కూర్చుని పాఠం వినాలి.

అంత వేడిలో మన ఒళ్ళు ఎలా తట్టుకుంటుంది? చెమట వల్ల. ఒక గ్రాము చెమట ఆరిపోవడానికి మన శరీరం నుంచి సుమారు 580 కేలరీల వేడిని తీసుకుపోతుంది. అంటే అర కిలోకు పైగా నీటిని ఒక డిగ్రీ వేడి చేయగలిగినంత వేడి అన్నమాట! విశాఖపట్నంలో గాలి తేమగా ఉంటుంది కనుక చెమట ఆరదు, చొక్కా తడిసి ముద్దవుతుంది. కమలాపురంలో గాలి పొడిగా ఉండటం వల్ల చెమట పట్టగానే ఆరిపోతుంది. ఒళ్ళు పొడిగానే ఉంది కాబట్టి నీరు పోలేదనుకుంటాం. సాయంత్రం చొక్కా వీపు మీద తెల్లటి ఉప్పు చారలు చూడండి. ఎంత నీరు పోయిందో అవే చెబుతాయి.

శరీరం బరువులో నూటికి రెండు వంతుల నీరు పోతే చాలు, తలనొప్పి, నీరసం మొదలై పాఠం మీద ధ్యాస తగ్గుతుంది. 40 కిలోల పిల్లకు అది 800 గ్రాములు, అంటే నాలుగు గ్లాసుల నీళ్ళు. అందుకే ‘నీళ్ళ గంట’ పద్ధతి వచ్చింది. 2019లో కేరళ బడుల వల్ల దీని సంగతి అందరికీ తెలిసింది. 2025 వేసవిలో మన రాష్ట్రంలోనూ బడుల్లో రోజుకు మూడుసార్లు ఈ గంట కొట్టాలన్నారు. మంచి పద్ధతే.

కాని గంట మోగినా సీసా మూత తీయని వాళ్ళు కొందరుంటారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలు. దాహం లేక కాదు. నీళ్ళు తాగితే ఒకటికి వెళ్ళాలి. అక్కడ తలుపుకు గడియ ఉండదు, లేదా నీళ్ళుండవు, లేదా బారెడు వరస ఉంటుంది. అందుకని ఉదయం ఇంట్లో బయలుదేరింది మొదలు సాయంత్రం వరకు గొంతు తడుపుకోరు. ఇలా నీళ్ళు తాగకుండా, మూత్రం ఆపుకుంటూ ఉంటే సూక్ష్మజీవులు చేరి మంట, జ్వరం రావచ్చు. శరీర నిర్మాణం వల్ల ఆడపిల్లలకు ఈ ప్రమాదం ఎక్కువ.

“మరుగుదొడ్లు ఇంకొన్ని కట్టిస్తే సరిపోతుంది” అంటారు పెద్దలు. కట్టించవలసిందే. ప్రతి బడిలోనూ మంచినీరు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరు వేరు మరుగుదొడ్లు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. 2012లో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. అయినా ఒక చిన్న లెక్క వేసి చూద్దాం.

ఒక బడిలో 120 మంది ఆడపిల్లలు, నాలుగు మరుగుదొడ్లు ఉన్నాయనుకోండి. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. ఇంటర్వెల్ పది నిమిషాలు. ఒక్కో దొడ్డికి ఐదుగురు, మొత్తం ఇరవైమంది. మిగిలిన వందమంది సంగతి? ఆ పది నిమిషాల్లో అందరూ వెళ్ళి రావాలంటే 24 దొడ్లు కట్టాలి! అదే నాలుగు దొడ్లను గంటసేపు వాడుకోనిస్తే? గంటకు ఒక్కో దొడ్డికి ముప్పైమంది, మొత్తం 120 మంది. లెక్క సరిపోయింది!

కాబట్టి నా అభిప్రాయం ఇది. గదుల కొరత ఎంత నిజమో, అందరినీ ఒకే గంటకు పంపే మన అలవాటు వల్ల వచ్చే కొరత కూడా అంతే నిజం. అవసరం వచ్చినప్పుడు వెళ్ళి రావడానికి ఆటంకం ఉండకూడదు. “అలాగైతే పాఠం సాగేదెలా?” అని ఉపాధ్యాయులు అడగడం న్యాయమే. దానికొక ఉపాయం ఉంది. తలుపు పక్క మేకుకు రెండు చెక్క బిళ్ళలు వేలాడదీయండి. వెళ్ళేవారు ఒక బిళ్ళ తీసుకుపోతారు, తిరిగి వచ్చి తగిలిస్తారు. ఒకేసారి ఇద్దరికి మించి వెళ్ళరు. చెయ్యెత్తి, అందరి ముందూ అడిగి, సిగ్గుపడవలసిన పనీ ఉండదు.

ఇక నీటి లెక్క. ఒక్కొక్కరు వాడిన తరువాత ఐదు లీటర్లు పోసినా 120 మందికి 600 లీటర్లు కావాలి. చేతులు కడుక్కునే నీళ్ళు వేరు. మిద్దె మీది ట్యాంకు ఎంత పడుతుంది? రోజుకు ఎన్నిసార్లు నిండుతుంది? ఎండిన ట్యాంకు కింద ఎన్ని దొడ్లు కట్టినా చివరికి వాటికి తాళమే పడుతుంది.

ఈ లెక్కలు ఎవరు తీయాలి? మీరే. బడి తెరిచిన మొదటి వారంలో నలుగురైదుగురు కలిసి ఒక నోటు పుస్తకంలో రాయండి: విద్యార్థులు ఎంతమంది, నీళ్ళు వచ్చే కుళాయిలు ఎన్ని, గడియా నీళ్ళూ ఉన్న దొడ్లు ఎన్ని, ట్యాంకు ఎన్ని లీటర్లది. ఎవరు వెళ్ళారు, ఎన్నిసార్లు వెళ్ళారు అని మాత్రం రాయకండి. అది ఎవరి సొంత సంగతి వారిది. ఆ కాగితాన్ని ప్రధానోపాధ్యాయులకు వినయంగా ఇవ్వండి. 2025 జూలై 10న రాష్ట్రమంతటా బడుల్లో తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. మీ బడిలో అలాంటి సమావేశం జరిగినప్పుడు ఈ లెక్కను అక్కడ చదివి వినిపించమని అడగండి. అబ్బాయిలూ, ఇది మీ అక్కచెల్లెళ్ళ పని అని తప్పుకోకండి. లెక్క చెప్పే గొంతుల్లో మీదీ ఉండాలి.

ఫిర్యాదును పెద్దలు పక్కన పెట్టవచ్చు. సరిగా వేసిన లెక్కను పక్కన పెట్టడం అంత సులువు కాదు. ఈ ఏడాది మీ కొత్త నోటు పుస్తకంలో మొదటి పేజీకి ఆ లెక్కే ఎందుకు కాకూడదు?