చెమటకు నిలిచిన పూత ఎండకు నిలిచినట్లేనా?

వేసవి వచ్చిందంటే, ఎండకు ముఖాన రాసుకోవడానికి ఇంట్లో చేసుకోదగిన పూత చెప్పమని అడిగేవారు ఎక్కువవుతారు. ఒకప్పుడు నేనూ ఉత్సాహంగా చెప్పేవాడిని. ఇప్పుడు మానుకున్నాను. కారణం మనవి చేస్తాను.

మా మేనకోడలు వ్యాయామోపాధ్యాయిని. పగలంతా మైదానంలోనే ఉద్యోగం. చెంపలపై మంగు మొదలైందంటే, కొబ్బరినూనెలో తేనెమైనం కరిగించి, నూటికి 20 పాళ్లు జింక్ ఆక్సైడ్ చూర్ణం, మేనిచాయలో కలిసేలా కాస్త కావిరాయి పొడి చేర్చి ఇచ్చాను. ఈ యోగంలో తర్కం లేకపోలేదు. మన యశద భస్మంలోని ప్రధానాంశం జింక్ ఆక్సైడే. అది అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటుంది. కావిరాయికి ఎరుపునిచ్చే ఐరన్ ఆక్సైడ్, తగినంత ఉంటే, కంటికి కనిపించే వెలుగును సైతం కొంత ఆపుతుంది. మన చాయ చర్మాలలో మంగు ముదరడానికి ఆ వెలుగూ ఒక కారణమే. ఇక మైనం నీటికి కరగదు.

నెల తరువాత ఆమె వచ్చి, "మామయ్యా, చెమటకు మీ పూత చెక్కుచెదరలేదు. మంగు మాత్రం ముదిరింది" అన్నది.

మిగిలిన పూతను గాజుపలకపై పలుచగా రాసి, వెలుగుకెదురుగా భూతద్దంతో చూశాను. తెల్లని పొడి ఉండలు కట్టి ఉంది. ఉండకూ ఉండకూ నడుమ వట్టి నూనె. ఎండ చొరబడడానికి ఆ సందులు చాలు. కర్మాగారాలలో పొడిని సమంగా విడదీసే యంత్రాలుంటాయి. ఆపైన చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున మనుషుల చర్మంపై రాసి, ఎస్.పి.ఎఫ్. అనే రక్షణాంకాన్ని కొలుస్తారు; నీటికి నిలుస్తుందనాలంటే 40 లేక 80 నిమిషాలు నీటిలో ఉంచి మళ్లీ కొలుస్తారు. నా కల్వానికి ఆ కొలత తెలియదు. చాయలో కలిసిన రంగు లోపాన్ని కప్పి, ధైర్యాన్ని మాత్రం ఇచ్చింది. ఆ ధైర్యంతోనే ఆమె గొడుగు మానింది.

గృహవైద్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. పగిలిన మడమకు ఇదే నూనె, ఇదే మైనం చక్కగా పనిచేస్తాయి. పనిచేయకపోతే నాలుగు రోజుల్లో కంటికే తెలుస్తుంది. ఎండ చేసే హాని అలా చెప్పి రాదు. కనుక ముఖానికి రాసేది పరీక్షకు నిలిచినదై, రక్షణాంకం 30కి తగ్గనిదై ఉండాలి. మంగు ఉన్నవారు ఐరన్ ఆక్సైడ్ రంగు కలిసినది ఎంచుకోవాలి. రెండు గంటలకొకసారి, చెమట తుడిచిన ప్రతిసారీ మళ్లీ రాసుకోవాలి.

కొనే స్తోమత లేనివారి మాటేమిటంటారా? గొడుగు, తలపాగా, కొంగు, చెట్టునీడ ఉన్నాయి. వాటిని ఏ కల్వంలోనూ నూరనక్కరలేదు. మా మేనకోడలికి ఈ వేసవిలో నేనిచ్చిన మందు వెడల్పాటి అంచు గల టోపీ.