సైబర్‌పంక్ 2077: ఆశపడిన వాళ్లదేనా తప్పు?

సైన్స్ ఫిక్షన్ షూటర్ రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో ఆటగాడి చేతికి తుపాకితో పాటు కథ ఎటు మళ్లాలో తేల్చే అధికారం కూడా ఇస్తారు. ఇలాంటి పెద్ద ఆటలను విడుదలకు ఏళ్ల ముందే ప్రకటించడం పరిపాటి. అభిమానులు అన్నేళ్లూ ఎదురుచూస్తారు. తీరా వచ్చిన ఆట ఉసూరుమనిపిస్తే తీర్పు ముందే సిద్ధంగా ఉంటుంది: జనమే అతిగా ఊహించుకున్నారు, ఆ అంచనాలను ఏ ఆటా అందుకోలేదు, తప్పంతా హైప్‌ది. 2020 డిసెంబరులో సైబర్‌పంక్ 2077 వచ్చినప్పుడు ఈ తీర్పు బాగా పాతుకుపోయింది. తర్వాత దానికి ఇంకో మాట తోడైంది: చివరికి ఆట బాగుపడింది కనుక ఓపిక పట్టినవాళ్లకు నష్టమేమీ లేదని. రెండు మాటలూ నిలవవు. ఆ ఎదురుచూపు జనం మెదళ్లలో దానంతటది పుట్టింది కాదు. దాన్ని ఒక కంపెనీ ఏళ్ల తరబడి, ఖర్చు పెట్టి, పద్ధతి ప్రకారం తయారు చేసింది. దాని మీద డబ్బు వసూలు చేసుకుంది.

పోలండ్ రాజధాని వార్సాలోని సీడీ ప్రాజెక్ట్ రెడ్ స్టూడియో ఈ ఆటను ప్రకటించింది 2012 మేలో. మైక్ పాండ్‌స్మిత్ 1988లో రూపొందించిన సైబర్‌పంక్ టేబుల్‌టాప్ ఆట దీనికి మూలం. 2013 జనవరిలో తొలి టీజర్ వచ్చింది. అందులో విడుదల తేదీ లేదు. సిద్ధమైనప్పుడు వస్తుందన్న ముక్క మాత్రం ఉంది. ఆ మాటను అప్పట్లో చాలామంది స్టూడియో నిజాయితీకి గుర్తుగా మెచ్చుకున్నారు. అసలు సంగతి వేరు. అప్పట్లో స్టూడియో బలగంలో ఎక్కువ భాగం తన మరో ఆట ది విచర్ 3 మీద పనిచేస్తోంది. ఆ ఆట 2015 మేలో, దాని చివరి విస్తరణ 2016 మేలో విడుదలయ్యాయి. సైబర్‌పంక్ మీద పూర్తిస్థాయి పని 2016 చివర్లో గానీ మొదలు కాలేదని బ్లూమ్‌బర్గ్ విలేకరి జేసన్ ష్రయర్ 2021 జనవరిలో రాశారు. ‘ఎనిమిదేళ్లుగా తయారవుతున్న ఆట’ అని జనం చెప్పుకున్న లెక్కలో సగం ఇలా ఖాళీ కాలమే. ఆ లెక్కను సరిదిద్దే ప్రయత్నం కంపెనీ గట్టిగా చేసిన దాఖలా లేదు. ఎందుకు చేస్తుంది? ఎన్నేళ్లు పడితే అంత గొప్ప సరుకు అన్న నమ్మకం దానికి లాభమే.

2018 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఈ3 వీడియో ఆటల ప్రదర్శనలో పెద్ద ట్రైలర్ వేశారు. ఆగస్టులో 48 నిమిషాల ఆటను వీడియోగా బయటపెట్టారు. పని ఇంకా నడుస్తోంది, మార్పులు ఉండవచ్చు అన్న హెచ్చరిక దాని మీద ఉన్నమాట నిజమే. కానీ ఆ డెమో దాదాపు అంతా అప్పటికి లేని ఆటకు అల్లిన బొమ్మేనని ష్రయర్ కథనం చెప్పింది. స్టూడియో అధిపతి ఆడమ్ బదోవ్‌స్కీ దీన్ని ఒప్పుకోలేదు. విడుదలకు రెండేళ్ల ముందు చూపించే డెమో తుది ఆటలా ఉండదని, అంతమాత్రాన అది బూటకం కాదని ఆయన వాదన. ఆ వాదనకు విలువ ఇచ్చినా వచ్చే ఫలితం ఒకటే. తుది ఆటలా ఉండదని కంపెనీకి తెలిసిన దృశ్యాన్ని చూసే జనం ఆశ పెంచుకున్నారు. డెమోలో గోడల మీద పరుగెత్తే విద్య ఉంది, విడుదలైన ఆటలో లేదు. 2018 ట్రైలర్‌లో కథానాయక పాత్ర నగర రైలులో కూర్చుని కనిపిస్తుంది; ఆటగాళ్లు ఎక్కి తిరగగలిగే మెట్రో 2023 డిసెంబరులో వచ్చిన 2.1 ప్యాచ్ (సవరణల అప్‌డేట్)తో గానీ రాలేదు. రైలు కావాలని కోరుకున్నవాళ్లు గాలిలో మేడలు కట్టలేదు, చూపించిన రైలునే అడిగారు.

2019 జూన్‌లో హాలీవుడ్ నటుడు కియాను రీవ్స్ ఈ3 వేదిక ఎక్కి 2020 ఏప్రిల్ 16 అని తేదీ ప్రకటించారు. ముందస్తు కొనుగోళ్లు అప్పుడే మొదలయ్యాయి. తేదీ ముందు సెప్టెంబరు 17కు, తర్వాత నవంబరు 19కి జరిగింది. అక్టోబరు మొదట్లో ఆట పూర్తయిందని, డిస్కులకు వెళుతోందని చెప్పి, అదే నెలాఖరున మళ్లీ వాయిదా వేసి డిసెంబరు 10 అన్నారు. ఈ మధ్యకాలంలో ‘నైట్ సిటీ వైర్’ పేరుతో విడతలు విడతలుగా ఆన్‌లైన్ ప్రదర్శనలు నడిచాయి. సైబర్‌పంక్ రంగులద్దిన ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్ కన్సోల్ ఆట కంటే నెలల ముందే అంగళ్లలోకి వచ్చింది. తెలుగు సినిమా ప్రేక్షకుడు తొలి రోజు టికెట్‌కు డబ్బు కట్టేది మహా అయితే కొద్ది రోజుల ముందు. ఇక్కడ మొదట కొన్నవాళ్లు ఏడాదిన్నర ముందే చెల్లించడమో, మాట ఇవ్వడమో చేశారు. అంత కాలం ఆశను చల్లారనివ్వకుండా చూడటం ప్రచార విభాగం ఉద్యోగం. ఆ ఉద్యోగం వాళ్లు చక్కగా చేశారు.

ఈ రకం ఆటలోనే మోసపోవడానికి ఎక్కువ వీలుందన్న సంగతి విమర్శకులు తగినంతగా పట్టించుకోలేదు. షూటింగ్ వీడియోలో కనిపిస్తుంది. తుపాకి ఎలా పేలుతుందో, శత్రువు ఎలా పడతాడో చూసి ఎవరైనా అంచనా వేసుకోవచ్చు. రోల్‌ప్లేయింగ్ అలా కనిపించదు. ఇప్పుడు ఆటగాడు చేసిన ఎంపిక ఇరవై గంటల తర్వాత ఏం మారుస్తుందన్నదే దాని సారం. అది ఆడి చూస్తే తప్ప తెలియదు. అందుకే ప్రకటనల్లో ఆ భాగం మాటలకే మిగులుతుంది, మాటలకు హద్దు తక్కువ. 2018 డెమోలో మేల్‌స్ట్రామ్ ముఠాతో జరిగే బేరం అనేక దారుల్లో నడుస్తుంది. విడుదలైన ఆటలోనూ ఆ ఘట్టం అలాగే ఉంది, అన్ని దారులతో. కానీ అన్ని దారులున్న ఘట్టాలు మిగతా ఆటలో అరుదు. సంచారజాతి, వీధిపిల్ల, కార్పొరేట్ ఉద్యోగి అని మూడు జీవిత నేపథ్యాలను ఊరించి ప్రచారం చేశారు. అవి తొలి అరగంట అటూ ఇటూగా వేరువేరుగా నడిచి ఒకే కథలో కలిసిపోతాయి, తర్వాత మిగిలేది ఎక్కువగా సంభాషణల్లో కొన్ని అదనపు వాక్యాలు. నమూనా చూసి మొత్తం సరుకును ఊహించడం కొనుగోలుదారు చేసే మామూలు పని. దానికి అత్యాశ అని పేరు పెట్టడం అన్యాయం.

అసలు దెబ్బ మాత్రం కథ దగ్గర తగల్లేదు, పాత కన్సోళ్ల దగ్గర తగిలింది. అప్పటికి కోట్ల ఇళ్లలో ఉన్నవి 2013 నాటి ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్. వాటి మీద ఆట ఎలా నడుస్తుందో విడుదలకు ముందు చూపించలేదు. ఆశ్చర్యం కలిగించేంత బాగా నడుస్తోందని కంపెనీ ముఖ్యాధికారి ఆడమ్ కిచిన్‌స్కి 2020 నవంబరులో మదుపరులకు చెప్పారు. సమీక్షకులకు ముందుగా ఇచ్చింది పీసీ ప్రతులే, అదీ తాము ఆడిన దృశ్యాలు కాక కంపెనీ ఇచ్చిన దృశ్యాలే వాడాలన్న షరతుతో. డిసెంబరు 10న పాత కన్సోళ్లలో ఆట తెరిచినవాళ్లకు మసకబారిన ముఖాలు, నత్తనడక, మధ్యలో ఆగిపోయే ఆట ఎదురయ్యాయి. నాలుగు రోజులకే కంపెనీ క్షమాపణ చెప్పింది. పాత కన్సోళ్ల మీద ఆటను చూపించకపోవడం వల్ల కొనాలా వద్దా అని తెలిసి నిర్ణయించుకునే అవకాశం జనానికి దక్కలేదని ఆ ప్రకటనలోనే ఒప్పుకుంది. మరికొద్ది రోజుల్లో సోనీ తన దుకాణం నుంచి ఆటను తీసేసి, డబ్బు వాపసు ఇస్తామంది. 2021 జూన్ దాకా ఆట అక్కడ మళ్లీ అమ్మకానికి రాలేదు. ఇందులో అతి అంచనా ఎక్కడుంది? డబ్బు పెట్టి కొన్న ఆట తన దగ్గరున్న కన్సోల్‌లో నడవాలనుకోవడం కోరికల్లో అన్నిటికంటే చిన్నది.

లెక్కలు చూస్తే ఆ ఎదురుచూపు ఎవరి ఆస్తో తేలుతుంది. విడుదలకు ముందే 80 లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. వాటిలో 41 శాతం కన్సోళ్లకు. ఆట తయారీకీ 2020 ప్రచారానికీ అయిన మొత్తం ఖర్చు కంటే డిజిటల్ ముందస్తు అమ్మకాల నుంచి రావలసిన సొమ్మే ఎక్కువని కంపెనీ స్వయంగా ప్రకటించింది. అంటే ఆట ఎలా ఉందో ఒక్క కొనుగోలుదారుకీ తెలియకముందే పెట్టుబడి తిరిగొచ్చేసింది. అమెరికాలో కంపెనీ మీద పడిన దావా 18.5 లక్షల డాలర్లతో రాజీ అయింది. ఆ దావా వేసింది ఆటగాళ్లు కాదు, షేర్లు కొన్న మదుపరులు. పాత కన్సోళ్ల మీద ఆట పరిస్థితిని దాచి తమను తప్పుదోవ పట్టించారన్నదే వాళ్ల ఫిర్యాదు కూడా. మదుపరి అలా అంటే ఫిర్యాదుగా నమోదవుతుంది, ఆటగాడు అంటే హైప్‌లో కొట్టుకుపోయాడంటారు.

ఎదుటి పక్షం దగ్గర ఒక గట్టి మాట ఉంది. 2020 అక్టోబరు వాయిదా తర్వాత స్టూడియో ఉద్యోగులకు చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. అవి నేరాలు, వాటికి సమర్థన లేదు. అయితే నేరం చేసిన కొద్దిమందిని చూపించి కొన్న లక్షల మందిని నోరు మూయించడం వేరే విద్య. 2012లో ఇదే రకానికి చెందిన మరో ఆట మాస్ ఎఫెక్ట్ 3 ముగింపు మీద గొడవ లేచినప్పుడూ ఇదే జరిగింది. ఆ సిరీస్ దర్శకుడు కేసీ హడ్సన్ విడుదలకు ముందు, ముగింపు ఏ, బీ, సీ అని లెక్కపెట్టగలిగేలా ఉండదన్నారు. వచ్చిన ముగింపులో ప్రధానంగా మూడు ఎంపికలే, వాటి మధ్య కంటికి కనిపించే తేడా చాలావరకు రంగులది. అడిగినవాళ్లకు మొండి పిల్లలన్న పేరు వచ్చింది. ఆ జూన్‌లో ఆ ఆటను తయారుచేసిన స్టూడియోనే విస్తరించిన ముగింపును ఉచితంగా విడుదల చేసింది.

ఇక బాగుపడిన కథ. సైబర్‌పంక్ నిజంగానే బాగుపడింది. 2022 ఫిబ్రవరి నాటి 1.5 ప్యాచ్, ఆ సెప్టెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఎడ్జ్‌రన్నర్స్ యానిమేషన్ ధారావాహిక, 2023 సెప్టెంబరులో 2.0 ప్యాచ్, వెంటనే ఫాంటమ్ లిబర్టీ విస్తరణ కలిసి దాన్ని నిలబెట్టాయి. ఏళ్ల తరబడి ఆ మరమ్మతు చేసిన ఉద్యోగుల శ్రమ మెచ్చుకోదగ్గది. 2023 అక్టోబరుకు 2.5 కోట్ల ప్రతులు, ఏడాది తర్వాత 3 కోట్లు దాటాయి. కానీ ఎవరికోసం బాగుపడింది? ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్‌లకు 2022 సెప్టెంబరు నాటి 1.6 ప్యాచే చివరి పెద్ద మార్పు. 2.0 వాటికి రాలేదు, ఫాంటమ్ లిబర్టీ రాలేదు, మెట్రో రాలేదు. మొదట ఎక్కువగా దెబ్బతిన్నవాళ్లకే ఆ బాగుపడిన ఆట అందలేదు. అందాలంటే కొత్త కన్సోల్ కొనాలి. ఓపిక పట్టినవాళ్లు నష్టపోలేదనే వాదన వీళ్లను లెక్కలోంచి తీసేస్తేనే పొసుగుతుంది.

ఈ వివాదంలో కంపెనీ సొంత సాక్ష్యమే అన్నిటికంటే పనికొచ్చేది. 2021 మార్చిలో కొత్త వ్యూహం వివరిస్తూ, ఇకపై ప్రచారాలు చాలా తక్కువ కాలం నడుపుతామని, విడుదల దగ్గరపడ్డాకే ఆటను చూపిస్తామని కంపెనీ చెప్పింది. ఎదురుచూపు అభిమానులు సొంతంగా పెంచుకున్న జబ్బే అయితే ప్రచారం కుదించడం వల్ల ఒరిగేది ఏమీ ఉండదు. కుళాయి తన చేతిలోనే ఉందని కంపెనీకి తెలుసు.

ఆ మాట చెప్పి రెండేళ్లు తిరగకముందే, 2022 అక్టోబరులో, అదే కంపెనీ మదుపరుల ముందు కొత్త ఆటల వరుస ఒకేసారి ప్రకటించింది. విచర్ పేరుతో కొన్ని, ఇంకా పేరుకు మించి ఏమీ తెలియని ఒక కొత్త కథాలోకం, ఓరియన్ అనే సంకేతనామంతో సైబర్‌పంక్ తర్వాతి భాగం అందులో ఉన్నాయి. ఓరియన్ ఆలోచన దశ దాటి నిర్మాణపూర్వ దశకు చేరింది 2025లో. అభిమానులు మాత్రం దానికోసం 2022 నుంచే ఎదురుచూస్తున్నారు.