పాలంపేటకు ఒక బడి కావాలి

రామప్ప గుడి శిఖరంలో వాడిన ఇటుక నీళ్లలో వేస్తే తేలుతుంది. ఈ మాట వినని తెలుగువాళ్లు తక్కువ. అది ఎందుకు తేలుతుంది, ఆ మట్టిలో ఏం కలిపి కాలిస్తే లోపల అన్ని గాలి గుల్లలు ఏర్పడతాయి, పైకప్పు మీద బరువు తగ్గించాల్సిన అవసరం ఆ కట్టినవాళ్లకు ఎందుకొచ్చింది అని అడిగితే మాత్రం, ములుగు జిల్లా పాలంపేట దాకా వెళ్లి గుడి చూసి వచ్చినవారిలో కూడా జవాబు చెప్పగలిగేవారు కొద్దిమందే ఉంటారు. వాళ్ల తప్పేమీ లేదు. అక్కడ చెప్పేవాళ్లు చాలినంతమంది లేరు, కూర్చుని నేర్చుకునే చోటు లేదు.

2021 జూలై 25న యునెస్కో రామప్పను ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. తెలుగు రాష్ట్రాల్లో ఆ గుర్తింపు దక్కిన మొదటి కట్టడం ఇదే. అప్పటి నుంచి సెలవు రోజుల్లో గుడి ముందు కార్లు, బస్సులు బారులు తీరుతున్నాయి. హైదరాబాద్ నుంచి రెండొందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణించి వచ్చిన కుటుంబం గుడి చుట్టూ ఒకసారి తిరిగి, మదనికల శిల్పాల పక్కన ఫొటోలు దిగి, లక్నవరం వెళ్లి వేలాడే వంతెన మీద నాలుగడుగులు వేసి, చీకటి పడేలోగా తిరుగు ప్రయాణం కడుతుంది. ఊరికి మిగిలేది కొబ్బరికాయల బేరం, టీ కొట్టు గిరాకీ. ఆ కుటుంబంలోని పిల్లలకు మిగిలేది ఫోనులో కొన్ని బొమ్మలు.

ఇంత దూరం వచ్చినవాళ్లకు ఇక్కడ నేర్చుకోవడానికి ఎంత ఉందో చూడండి. 1213లో కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడికి పునాది గోతిని ఇసుకతో నింపి, దాని మీద నిర్మాణం లేపారు. నేల కదిలినప్పుడు ఆ అదురును ఇసుక మింగేస్తుందన్నది ఆనాటి పనివాళ్ల లెక్క. 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు ప్రాంతం కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించి, హైదరాబాద్ దాకా జనం ఇళ్లలోంచి బయటికి పరుగులు తీశారు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఆ పునాది లెక్కను బడిపిల్లలకు విడమర్చి చెప్పడానికి అంతకంటే మంచి సందర్భం దొరకదు. ఒక తొట్టిలో ఇసుక పోసి, పైన రాళ్లు పేర్చి, తొట్టిని ఊపి చూపిస్తే చాలు, ఆరో తరగతి పిల్లకు కూడా అర్థమవుతుంది. ఆ పాఠం చెప్పే గది ఒక్కటీ పాలంపేటలో లేదు.

పక్కనే ఉన్న కామేశ్వరాలయాన్ని తిరిగి నిలబెట్టడం కోసం విప్పదీసి, రాయి రాయికీ నంబరు వేసి ఏళ్ల తరబడి ఆవరణలో పేర్చి ఉంచారు. కాకతీయుల రాతిపని లోపలి నుంచి ఎలా ఉంటుందో, ఒక దూలం మరో స్తంభంలో ఎలా కూర్చుంటుందో కళ్లారా చూడగల చోటు అది. ఇంజనీరింగ్ విద్యార్థులను తెచ్చి చూపించాల్సిన ఆ రాళ్లను దాటుకుని జనం ముందుకు పోయారు.

గుడి ఒక్కటే చూసి వెనక్కి మళ్లడం సగం చూసినట్టే. కాకతీయులు ఊరు, గుడి, చెరువు కలిపి కట్టారు. గుట్టకూ గుట్టకూ మధ్య కట్ట పోసి నిలిపిన రామప్ప చెరువు ఈనాటికీ పొలాలకు నీళ్లిస్తోంది, దేవాదుల ఎత్తిపోతల గోదావరి నీటినీ తనలో నింపుకుంటోంది. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎన్ని జానలు ఎత్తితే చివరి మడి దాకా నీరు పారుతుందో, మత్తడి దుంకే ముందు కట్ట మీద ఏం గమనించాలో తెలిసినవాడు నీరటి. అది ఏ కాలేజీలోనూ చెప్పని చదువు. కట్ట మీద నిలబెట్టి ఆయన చేత ఒక గంట చెప్పిస్తే నీటి యాజమాన్యం మీద పది ఉపన్యాసాలతో సమానం. దానికి ఆయనకు దక్కాల్సిన రుసుము దక్కాలి.

అటు తాడ్వాయి వైపు వెళితే ఏటూరునాగారం అభయారణ్యం, దామరవాయి గుట్టల మీద ఆదిమానవుల రాక్షస గుళ్లు, అవతల వాజేడు దగ్గర బొగత జలపాతం. మధ్యలో మేడారం. రెండేళ్లకోసారి కోటికి పైగా జనం వస్తారని అంచనా వేసే ఆ జాతర గురించి అందరికీ తెలుసు. సమ్మక్క, సారలమ్మల కథను, తమ ఇలవేల్పుల కథలను కోయలు గుడ్డ పడిగెల మీద బొమ్మలుగా నిలుపుకుంటారని, ఆ పడిగె విప్పి డోలు మీద కథ చెప్పే డోలి కోయలు ఉన్నారని ఎంతమందికి తెలుసు? ఆ విద్యలో దిట్ట అయిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన కన్నుమూశారు. ఆయన తరం దగ్గర ఉన్న కథలు తరువాతి తరానికి చేరాలంటే పడిగె విప్పడానికి ఒక చోటు, వినడానికి పిల్లలు, చెప్పినవారికి నెల నెలా ఆదాయం ఉండాలి.

డబ్బు లేదనే మాట ఇక్కడ చెల్లదు. ములుగు, లక్నవరం, తాడ్వాయి, బొగతలను కలిపి కేంద్ర పర్యాటక పథకం స్వదేశ్ దర్శన్ కింద గిరిజన సర్క్యూట్‌కు దాదాపు 80 కోట్లు మంజూరయ్యాయి. 2022 డిసెంబర్‌లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము రామప్పకు వచ్చి ప్రసాద్ పథకం కింద సుమారు 62 కోట్ల పనులకు శంకుస్థాపన చేశారు. 2024లో రామప్ప ప్రాంత సుస్థిర పర్యాటక సర్క్యూట్ పేరిట కేంద్రం మరో 73.74 కోట్లు ఇచ్చేందుకు ఒప్పుకుంది. కాటేజీలు, హోటళ్లు, పార్కింగ్ అవసరమే, కాదనలేం. కానీ వచ్చినవాళ్లను పడుకోబెట్టే ఏర్పాటు మీద పెట్టిన శ్రద్ధ, వాళ్లకు చెప్పే మనుషులను తయారు చేయడం మీద కనిపించదు. మేడారంలో గిరిజన మ్యూజియం కట్టారు, సంతోషం. అద్దాల వెనక ఉన్న డోలు దానంతటది మోగదు కదా.

మనుషుల మీద పెట్టుబడి పెట్టిన చోట్ల ఏం జరిగిందో కళ్లముందే ఉంది. కేరళలోని పెరియార్ పులుల అడవిలో ఒకప్పుడు అడవి దాల్చినచెక్క బెరడు దొంగతనంగా ఒలిచి అమ్ముకున్నవాళ్లే, అటవీశాఖతో ఒప్పందం చేసుకుని పర్యాటకులకు దారి చూపేవాళ్లుగా, రాత్రి గస్తీ తిరిగేవాళ్లుగా మారారు. అడవిలో ఏ అలికిడి ఏ జంతువుదో వాళ్లకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? కుమరకోంలో 2008లో మొదలుపెట్టిన బాధ్యతాయుత పర్యాటకంలో ఊరి ఆడవాళ్లు పండించిన కూరగాయలు హోటళ్ల వంటింటికి చేరే ఏర్పాటు చేశారు. తొలినాళ్లలో సరఫరా సరిగా కుదరక తిప్పలు పడ్డారు, అయినా వదిలిపెట్టలేదు. మన మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితులు విడిది నడిపి చూపించాయి. ములుగు కోయ యువతకు ఆ పాటి నేర్పు లేదనడం అన్యాయం.

అందుకే పాలంపేటలో వారసత్వ, ప్రకృతి అధ్యయన కేంద్రం పెట్టాలి. దాని బడ్జెట్‌లో పెద్ద భాగం జీతాలకు, శిక్షణకు కేటాయించాలి. భవనం చిన్నదైనా చాలు. రక్షిత కట్టడం నుంచి వంద మీటర్లలోపు కొత్త నిర్మాణం చట్టరీత్యా నిషిద్ధం, ఆ తరువాత రెండొందల మీటర్లు అనుమతితోనే కట్టాలి. కాబట్టి గుడి నీడలో కాంక్రీటు లేపే ఆలోచన మొదటే మానుకుని, ఊళ్లో ఖాళీగా ఉన్న పాత ఇళ్లను బాగుచేసుకోవడం మేలు. శిల్పం గురించి చెప్పేవారు, నీరటి, పడిగె కథకులు, ఇప్పపువ్వు ఏరే ఆడవాళ్లు, పేరిణి నాట్యం నేర్పే గురువు అక్కడ బోధకులు కావాలి. రామప్ప శిల్పాల భంగిమలను, జాయప సేనాని నృత్తరత్నావళిని ఆధారం చేసుకుని నటరాజ రామకృష్ణ పేరిణికి మళ్లీ ప్రాణం పోశారు. అదే నేల మీద ఆ నాట్యం ఏడాదికొక ఉత్సవానికే పరిమితం కావడం బాధాకరం.

ఒక జాగ్రత్త తప్పనిసరి. ఏజెన్సీ గ్రామాల్లో గిరిజనుల భూములు పరాయివాళ్ల పాలు కాకుండా కాపాడే 1/70 చట్టం, గ్రామసభకు అధికారమిచ్చే పెసా చట్టం అమల్లో ఉన్నాయి. పర్యాటకం పేరు చెప్పి అడవి అంచున భూములు చేతులు మారితే, ఈ కేంద్రం ఎవరి కోసం పెట్టామో వాళ్లే ఊరు విడిచిపోతారు. తాడ్వాయి, ఏటూరునాగారం వైపు పెట్టే ఈ కేంద్రపు ప్రతి శాఖా గ్రామసభ తీర్మానంతో, గిరిజన సంఘాల చేతుల్లోనే నడవాలి. లోపలికి ఎంతమందిని పంపాలో, ఏ నెలల్లో అడవికి విశ్రాంతి ఇవ్వాలో కూడా వాళ్లే నిర్ణయించాలి.

పర్యాటక శాఖ అధికారులు టెండర్లు పిలిచే ముందు ఒక రోజు పాలంపేట రచ్చబండ దగ్గర, మరో రోజు మేడారంలో కూర్చుని ఊరివాళ్ల మాట వినాలి. విద్యాశాఖ ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ప్రతి సర్కారు బడి నుంచి ఏటా ఒక తరగతిని ఇక్కడికి రెండు రోజులు పంపేలా ఉత్తర్వు ఇవ్వాలి, బస్సు ఖర్చు ప్రభుత్వమే భరించాలి. మొదటి పదిహేను, ఇరవై మంది స్థానిక యువతీ యువకుల శిక్షణ కొత్త భవనం వచ్చేదాకా ఆగనక్కరలేదు. చెరువు కట్ట ఉంది, చెట్ల నీడ ఉంది, చెప్పేవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. వచ్చే బడి సంవత్సరం నుంచే మొదలుపెట్టండి.